రాత్రి కరెంటు చౌక అంటారు కదా, మరి మా కోల్డ్ స్టోరేజీ బిల్లు ఎందుకు తగ్గలేదు?

ముందుగా మీరు అడిగింది క్లుప్తంగా చెప్తాను, తర్వాత చదివేవాళ్లకు అర్థం కావాలి కాబట్టి. మీకు ఎనుమాముల మార్కెట్ దగ్గర మిర్చి కోల్డ్ స్టోరేజీ ఉంది. 11 కేవీ హెచ్‌టీ (హై టెన్షన్) సర్వీస్, సీఎండీ, అంటే ఒప్పందంలో రాసుకున్న గరిష్ఠ లోడ్, 120 కేవీఏ, నెలకు సుమారు 40,000 యూనిట్లు. బిల్లులో టీఓడీ (వాడిన గంటను బట్టి రేటు) పేరుతో రెండు లైన్లు వస్తున్నాయి. ఒకదాంట్లో కలుపుతున్నారు, ఇంకోదాంట్లో తీసేస్తున్నారు. రాత్రి రేటు తక్కువ అని ఎవరో చెబితే పోయిన నెల కంప్రెసర్లు రాత్రిపూట ఎక్కువ నడిపారు. నిద్ర పాడు చేసుకున్నా బిల్లు మాత్రం అక్కడే ఉంది. పైకప్పు మీద సోలార్ పెట్టించాలా, ఇంటికి స్మార్ట్ మీటర్ వస్తే ఈ గంటల లెక్క ఇంటికి కూడా వస్తుందా అని కూడా అడిగారు.

వరంగల్, జమ్మికుంట, కరీంనగర్ వైపు మిల్లుల్లో మోటర్లు, బిల్లులు చూడటమే ఇన్నేళ్లుగా నా పని. మీరు పెట్టిన రెండు బిల్లుల అంకెలు చూడగానే ఎక్కడ పోయిందో తెలిసింది. మీరు కరెంటును సరైన చోటికే మార్చారు, కానీ తప్పు చోటు నుంచి తీశారు. అంతేకాక మార్చే క్రమంలో డిమాండ్, అంటే ఒకేసారి లాగే లోడ్, పెంచుకున్నారు. ఈ రెండూ సరిచేస్తే మీకు నెలకు పన్నెండు వేల దాకా మిగులుతుంది. కొత్త మెషిన్ ఏదీ కొనాల్సిన పని లేదు.

హెచ్‌టీ సాధారణ పరిశ్రమలకు మన రాష్ట్రంలో రోజు మూడు ముక్కలుగా ఉంటుంది. ఉదయం 6 నుంచి 10, సాయంత్రం 6 నుంచి రాత్రి 10 వరకు పీక్. ఆ ఎనిమిది గంటల్లో వాడిన ప్రతి యూనిట్‌కూ మామూలు రేటు మీద రూపాయి ఎక్కువ. రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు తగ్గింపు. అది మొదట్లో రూపాయి ఉండేది, 2024 అక్టోబరు 28న టీజీఈఆర్‌సీ (తెలంగాణలో కరెంటు రేట్లు నిర్ణయించే కమిషన్) ఇచ్చిన ఆర్డర్‌లో రూపాయిన్నర చేశారు. మిగిలిన ఎనిమిది గంటలు, అంటే పగలు 10 నుంచి సాయంత్రం 6 వరకు, కలిపేదీ లేదు, తీసేదీ లేదు. 11 కేవీకి మూల రేటు 7 రూపాయల 65 పైసలు అనుకుంటే పీక్‌లో యూనిట్ 8.65, పగలు 7.65, రాత్రి 6.15 పడుతుంది. పీక్ నుంచి రాత్రికి ఒక యూనిట్ జరిపితే రెండున్నర రూపాయలు మిగులుతుంది. పగటి నుంచి రాత్రికి జరిపితే మిగిలేది రూపాయిన్నరే.

ఇప్పుడు మీ అంకెలకు వద్దాం. మార్పుకు ముందు నెలలో పీక్ 15,000, పగలు 14,000, రాత్రి 11,000 యూనిట్లు. పీక్ మీద 15,000 రూపాయలు కలిశాయి, రాత్రి మీద 16,500 తగ్గాయి. నికరంగా 1,500 లాభం. పోయిన నెల పీక్ 15,000, పగలు 10,000, రాత్రి 15,000. తగ్గింపు 22,500 అయింది, పీక్ భారం మాత్రం అదే 15,000. నికర లాభం 7,500. అంటే టీఓడీ లైన్లలో మీకు 6,000 రూపాయలు అదనంగా కలిసొచ్చింది. మరి అది ఎక్కడికి పోయింది? కింద డిమాండ్ చార్జీల లైన్ చూడండి. మొదటి నెల ఆర్‌ఎండీ (ఆ నెలలో మీటర్‌లో నమోదైన గరిష్ఠ డిమాండ్) 90, రెండో నెల 108.

మీ సీఎండీ 120 కాబట్టి, మీరు ఎంత తక్కువ వాడినా అందులో 80 శాతానికి, అంటే 96 కేవీఏకు డిమాండ్ చార్జీ కట్టాల్సిందే. 90 వచ్చిన నెలలో కూడా 96కే కట్టారు. 108 వచ్చిన నెలలో 108కి కట్టారు. తేడా 12 కేవీఏ. 2022-23 టారిఫ్ ఆర్డర్‌లో 11 కేవీకి డిమాండ్ చార్జీ కేవీఏకు 475 రూపాయలు. లెక్క సులువుగా ఉండటానికి 500 అనుకుందాం, మీ బిల్లులో ఉన్న రేటు పెట్టి మీరు సరిచూసుకోండి. 12 కేవీఏకు 6,000. టీఓడీలో వచ్చిన ఆరు వేలు డిమాండ్‌లో పోయాయి. ఎక్కడి గొంగళి అక్కడే.

ఇలా జరగడానికి కారణం మీ ఆపరేటర్ రాత్రి 10 కాగానే రెండు కంప్రెసర్లు, కూలింగ్ టవర్ మోటరు, ఛాంబర్ ఫ్యాన్లు అన్నీ ఒకేసారి ఆన్ చేయడం. టైం పట్టుకుని నడపాలని మీరు చెప్పారు కాబట్టి అతను నమ్మకంగా అదే చేశాడు. మీటర్ ఆ క్షణపు లోడ్ లెక్కపెట్టదు. కొన్ని నిమిషాల విడత తీసుకుని ఆ విడతలో సగటును చూస్తుంది, నెల మొత్తంలో పెద్ద సగటు ఏదో అదే ఆర్‌ఎండీ అవుతుంది. నెలలో ఒక్క రాత్రి ఒక్క విడత ఎగిరినా నెలంతటికీ అదే బిల్లు. కాబట్టి 10 గంటలకు ఒక కంప్రెసర్ ఆన్ చేయమనండి. అది కుదురుకుని, ఛాంబర్ ఉష్ణోగ్రత దిగడం మొదలయ్యాక రెండోది, అది కూడా అవసరమైతేనే. రెండూ నడిచే సమయంలో నీళ్ల మోటర్లు, బ్యాటరీ చార్జర్లు, వర్క్‌షాప్ లాంటివి ఆపి ఉంచాలి. ప్యానెల్ మీద డిమాండ్ చూపించే మీటర్ ఉంటే దాని పక్కన 96 అని పెద్దగా రాసి అంటించండి. ఆపరేటర్‌కు గడియారం కంటే ఆ అంకె ముఖ్యం. 120 దాటితే మాత్రం దాటిన భాగానికి డిమాండ్ చార్జీ రెట్టింపు పడుతుంది, అంతవరకు పోనివ్వకండి.

ఇంకో మాట. మీరు పగటి 4,000 యూనిట్లను తగ్గించడానికి చాలా తిప్పలు పడ్డారు. ఆ అవసరం లేదు. పగలు 10 నుంచి 6 వరకు మామూలు రేటే కాబట్టి దాన్ని చూసి భయపడొద్దు. మీకు నష్టం చేస్తున్నది ఆ పీక్ 15,000. మూడింట ఒక వంతు సమయంలో మూడింట ఒక వంతు కంటే ఎక్కువ వాడుతున్నారు. 24 గంటలూ ఒకే లోడ్‌తో కళ్లు మూసుకుని నడిపే స్టోరేజీకి ఈ 40,000 యూనిట్ల మీద నికరంగా 6,600 రూపాయల పైనే తగ్గుతుంది. మీకు మార్పుకు ముందు తగ్గింది 1,500. అంటే ఏ ప్రయత్నమూ చేయనివాడి కంటే మీ పరిస్థితి వెనకబడి ఉంది. దానికి కారణం సాయంత్రం లోడింగ్.

మార్కెట్‌లో పొద్దున జెండా పాట (వేలం) అయ్యి, కాంటాలు పూర్తయ్యి, లారీలు మీ గేటు దగ్గరికి వచ్చేసరికి మధ్యాహ్నం దాటుతుంది. హమాలీలు బస్తాలు లోపల వేసేసరికి చీకటి పడుతుంది. తలుపులు తెరిచే ఉంటాయి, ఎండలో కాగిన బస్తాల వేడంతా ఛాంబర్‌లోకి వస్తుంది, కంప్రెసర్లు రెండూ 6 నుంచి 10 మధ్యే గట్టిగా నడుస్తాయి. సీజన్ రోజుల్లో దీన్ని పూర్తిగా ఆపలేరు, ఆపాలని చూడొద్దు కూడా. రైతు సరుకు బయట పెట్టి మనం రూపాయి మిగుల్చుకోవడం సరికాదు. కానీ ఎండు మిర్చి పాలు, కూరగాయల్లాంటిది కాదు. ఛాంబర్‌లోకి చేరి తలుపు మూసుకున్నాక అది 6 డిగ్రీలకు రావడానికి నాలుగు గంటలు ఆలస్యమైతే ఏమీ కాదు. ఆ వేడిని లాగే పని రాత్రి 10 తర్వాత మొదలుపెట్టండి. కొత్త బస్తాలన్నిటినీ ఒకే ఛాంబర్‌లో వేసి, ఆ ఛాంబర్‌నే రాత్రికి వదిలేస్తే, మిగతా ఛాంబర్లలో పాత సరుకు కదలకుండా ఉంటుంది.

సీజన్ కాని నెలల్లో అసలు లాభం ఉంది. మూసి ఉన్న ఛాంబర్ మీకు కొనకుండానే దొరికిన బ్యాటరీ. వేల బస్తాల మిర్చి, లోపలి గోడలు, నేల అన్నీ చల్లదనాన్ని పట్టి ఉంచుతాయి. ఉదయం 3 నుంచి 6 వరకు, రాత్రి రేటులో, ఛాంబర్‌ను మామూలు కంటే ఒక డిగ్రీ, డిగ్రీన్నర కిందకు తీసుకురండి. 6 కాగానే కంప్రెసర్ ఆపేయండి. 10 వరకు తలుపు తీయొద్దు. అలాగే మధ్యాహ్నం 3 నుంచి సాయంత్రం 6 వరకు మామూలు రేటులో మళ్లీ చల్లబరిచి, 6 నుంచి 10 వరకు ఆపేయండి. ఇది చెప్పినంత తేలికగా అన్నిచోట్లా కుదరదు. ఇన్సులేషన్ పాతబడి, తలుపు రబ్బరు చిరిగి ఉంటే గంటన్నరకే ఉష్ణోగ్రత ఎక్కిపోతుంది. అందుకే ముందు పరీక్ష చేయండి. లోడింగ్ లేని ఒక సాయంత్రం 6 గంటలకు ఛాంబర్ 5 డిగ్రీల దగ్గర ఉండగా కంప్రెసర్ ఆపి, గాలి తిరగడానికి ఒక ఫ్యాన్ మాత్రం ఉంచి, అరగంటకోసారి రెండు చోట్ల ఉష్ణోగ్రత రాయండి. ఒకటి పైకప్పు కింద గాలిలో, రెండోది మధ్య వరసలో ఒక బస్తా లోపల. గాలి త్వరగా వేడెక్కుతుంది, బస్తా లోపల మాత్రం చాలా నెమ్మదిగా ఎక్కుతుంది. సరుకుకు కావాల్సింది బస్తా లోపలి అంకె. అది కదలకుండా ఉన్నంతసేపు మీరు ధైర్యంగా ఆపొచ్చు. పరీక్షలో నిలవకపోతే ముందు తలుపులకు ప్లాస్టిక్ కర్టెన్లు, పైకప్పు ఇన్సులేషన్ సంగతి చూడండి. ఆ ఖర్చు ప్రతి గంటా తిరిగి వస్తుంది, పీక్‌లోనే కాదు.

ఉష్ణోగ్రత విషయంలో తొందరపడి మరీ కిందకు దించకండి. బాగా చల్లబడిన బస్తాల మీదకు తలుపు తెరిచినప్పుడు తేమ గాలి వస్తే నీరు పట్టి బూజు వస్తుంది. బూజు పట్టిన మిర్చికి పోయే ధర ముందు కరెంటులో మిగిలేది లెక్కలోకి రాదు. వానాకాలంలో ఇంకా జాగ్రత్త.

రాత్రి నడిపితే మెషిన్ కూడా తేలికగా నడుస్తుంది అన్నది నిజమే, కానీ అందరూ చెప్పినంత కాదు. కంప్రెసర్ ఎంత కరెంటు తాగుతుందనేది కండెన్సర్ ఎంత చల్లగా ఉంది అన్నదాని మీద ఆధారపడుతుంది. మే నెలలో వరంగల్‌లో పగటికీ రాత్రికీ గాలి వేడిలో తేడా పెద్దదే. కానీ మీది నీళ్లతో చల్లబరిచే కండెన్సర్ కాబట్టి, దానికి ముఖ్యమైనది తడి గుడ్డ చుట్టిన థర్మామీటర్ చూపించే ఉష్ణోగ్రత. అందులో తేడా అంత పెద్దగా ఉండదు. కొంత లాభం ఉంటుంది, దాన్ని లెక్కలో వేసుకోకుండా ఉంటే మంచిది. కండెన్సర్ గొట్టాలకు పట్టిన గార తీయించడం వల్ల వచ్చే లాభం దీనికంటే ఎక్కువ.

ఇలా చేసి పీక్‌ను 15,000 నుంచి 10,000కు తెచ్చి, పగటిని 14,000 దగ్గరే ఉంచి, రాత్రిని 16,000 చేసి, ఆర్‌ఎండీని 96 లోపల ఆపితే చూడండి. పీక్ మీద 10,000 కలుస్తుంది, రాత్రి మీద 24,000 తగ్గుతుంది. నికరం 14,000. మొదటి నెల 1,500తో పోలిస్తే 12,500 ఎక్కువ. రాత్రి 16,000 యూనిట్లు అంటే గంటకు సగటున 67 కేవీఏ లోపే, కాబట్టి 96 లోపల ఉండటం సాధ్యమే. ఒకవేళ ఆర్‌ఎండీ 105 దాకా పోయినా, 9 కేవీఏకు 4,500 పోయి, ఎనిమిది వేలు మిగులుతుంది. రాత్రి ఆపరేటర్‌కు అదనంగా ఇచ్చే జీతం ఇందులోంచే తీయాలి. అమోనియా ప్లాంట్ దగ్గర రాత్రి ఒక్క మనిషిని ఉంచొద్దు, ఇద్దరుండాలి. ఆ రెండో మనిషి జీతం లెక్కలో పెట్టాకే ఇది లాభమా కాదా అని తేల్చుకోండి. మీకు ఇప్పటికే రాత్రి ఇద్దరున్నారని రాశారు కాబట్టి మీ విషయంలో లాభమే.

బిల్లును నమ్మే ముందు ఒక చిన్న పని చేయండి. మీటర్ డిస్‌ప్లే బటన్ నొక్కుతూ పోతే తేదీ, సమయం వస్తాయి. మీ ఫోన్ సమయంతో పోల్చండి. మీటర్ గడియారం వెనకబడి ఉంటే మీరు 10 గంటలకు ఆన్ చేసిన కంప్రెసర్ మీటర్ దృష్టిలో ఇంకా పీక్‌లోనే నడుస్తున్నట్టు. తేడా కనిపిస్తే ఫోటో తీసి, రాతపూర్వకంగా కరెంటు డీఈ (డివిజనల్ ఇంజనీర్) ఆఫీసులో ఇచ్చి రసీదు తీసుకోండి. అక్కడ కదలిక లేకపోతే వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదిక ఉంది, ఆ పైన విద్యుత్ అంబుడ్స్‌మన్ ఉన్నారు. దీనికి లాయర్ అక్కర్లేదు. ఆ మీటర్‌లోనే లోడ్ సర్వే అని, రోజంతా ఏ విడతలో ఎంత వాడారో రికార్డు ఉంటుంది. దాని ప్రింటు అడిగి తీసుకోండి. నేను ఏ మిల్లుకు వెళ్లినా ముందు అడిగేది అదే. యజమాని చెప్పేదానికీ ఆ కాగితానికీ ఎప్పుడూ తేడా ఉంటుంది.

ఇంకొకటి, మీ యూనిట్లు ఇళ్లలోలా కిలోవాట్ గంటల్లో కాకుండా కేవీఏహెచ్‌లో (కేవీఏ గంటల్లో) లెక్కిస్తారు. కెపాసిటర్ ప్యానెల్ సరిగా పనిచేయకపోతే అదే పనికి యూనిట్లూ ఎక్కువ పడతాయి, ఆర్‌ఎండీ కూడా పెరుగుతుంది. ఇది నెలకోసారి చూసుకోవాల్సిన విషయం.

ఈ గంటలు ఇలా ఎందుకు పెట్టారో తెలిస్తే సోలార్ ప్రశ్నకు జవాబు దొరుకుతుంది. భూపాలపల్లి జిల్లా చెల్పూర్‌లో ఉన్న కాకతీయ థర్మల్ కేంద్రాన్ని తీసుకోండి. 500 మెగావాట్లది ఒక యూనిట్, 600 మెగావాట్లది ఇంకో యూనిట్. రామగుండంలో ఎన్టీపీసీ, జైపూర్‌లో సింగరేణి కూడా ఇలాంటివే. బొగ్గు యూనిట్‌ను రాత్రి పడుకునే ముందు ఆపి పొద్దున లేచి ఆన్ చేయలేం. లోడ్‌ను 55 శాతం దాకా దించగలరు, అంటే 600 మెగావాట్ల యూనిట్ 330 దగ్గర నడుస్తూనే ఉండాలి. రాత్రి కొనేవాడు లేకపోతే అది భారం. అందుకే పరిశ్రమలను రాత్రి వాడమని రాయితీ ఇచ్చారు. ఉదయం వేరే సంగతి. పొద్దున్నే ఇళ్లలో గీజర్లు, మోటర్లు, యాసంగిలో వాటితో పాటే లక్షల బోర్లు. 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల ఉచిత కరెంటు ఉంది. 2025 మార్చిలో రాష్ట్ర డిమాండ్ 17,000 మెగావాట్లు దాటింది. సాయంత్రం సూర్యుడు పోతాడు, లైట్లు, టీవీలు, ఏసీలు వస్తాయి. అప్పుడు తక్కువ పడింది కరెంటు అమ్మకాలు, కొనుగోళ్లు జరిగే ఎక్స్‌ఛేంజ్‌లో కొనాలి. అక్కడ రోజును 96 ముక్కలు చేసి ఒక్కో పావుగంటకూ వేరే ధర కడతారు. సాయంత్రం ముక్కల్లో అది గరిష్ఠ పరిమితి అయిన యూనిట్ 10 రూపాయలను తాకిన రోజులు ఉన్నాయి. అదే కరెంటు మధ్యాహ్నం అందులో కొంత భాగానికే దొరుకుతుంది.

ఇక్కడే రెండు దారులు కనిపిస్తున్నాయి. 2023 జూన్‌లో కేంద్రం వినియోగదారుల హక్కుల నిబంధనలను సవరించింది. సోలార్ గంటలని రోజులో ఎనిమిది గంటలు గుర్తించి, వాటిలో రేటు మామూలు కంటే కనీసం 20 శాతం తక్కువ ఉండాలని, పీక్‌లో పరిశ్రమలకు కనీసం 20 శాతం, మిగతా వారికి కనీసం 10 శాతం ఎక్కువ ఉండాలని అందులో ఉంది. 10 కిలోవాట్లు దాటిన వ్యాపార, పరిశ్రమల వారికి 2024 ఏప్రిల్ నుంచి, వ్యవసాయం తప్ప మిగతా అందరికీ 2025 ఏప్రిల్ లోపు అని గడువు పెట్టింది. మన కమిషన్ 2024 అక్టోబరులో పెంచింది మాత్రం రాత్రి రాయితీని. నా అభిప్రాయంలో దానికి కారణం ఉంది. గుజరాత్, రాజస్థాన్‌లలాగా మనకు పగలంతా కరెంటు మిగిలిపోదు, యాసంగి నెలల్లో బోర్లు పగలే తాగేస్తాయి. కానీ సోలార్ పెరుగుతున్న కొద్దీ మధ్యాహ్నం చౌక అవడం ఖాయం అనుకుంటున్నాను. ఎప్పుడు అన్నది కమిషన్ చేతిలో ఉంది.

అందుకని మీకు వచ్చిన సోలార్ కొటేషన్ మళ్లీ లెక్క కట్టించండి. వాళ్లు ప్యానెల్ ఇచ్చే ప్రతి యూనిట్‌కూ మీకు 7.65 మిగులుతుందని, అది 25 ఏళ్లూ అలాగే ఉంటుందని చూపించారు. ప్యానెల్ ఎక్కువగా ఇచ్చేది 10 నుంచి 4 మధ్య. రేపు ఆ గంటలకు 20 శాతం తగ్గింపు వస్తే మీకు మిగిలేది యూనిట్‌కు 6.12 మాత్రమే. ఆ రేటుతో కూడా పెట్టుబడి మీకు నచ్చినంత కాలంలో తిరిగొస్తే పెట్టించండి. రాకపోతే ఆగండి. మీ పీక్ సమస్యను ప్యానెల్ తీర్చదని కూడా గుర్తుంచుకోండి. సాయంత్రం 6 తర్వాత అది ఇచ్చేది ఏమీ లేదు. సోలార్ పెట్టాక మీరు చేయాల్సింది మధ్యాహ్నం ఛాంబర్‌ను ఇంకాస్త చల్లబరిచి సాయంత్రం ఆపడం, అంటే పైన చెప్పిన పనే. ఇన్సులేషన్, తలుపులు, డిమాండ్ కంట్రోలర్ (లోడ్ గీత దాటకుండా చూసే పరికరం), మంచి థర్మామీటర్లు, వీటి మీద పెట్టిన డబ్బు చౌక గంటలు రాత్రి ఉన్నా, మధ్యాహ్నానికి మారినా పనికొస్తుంది. రాత్రి నడపడం కోసమే మూడో కంప్రెసర్ కొనమన్న సలహా మాత్రం తీసుకోవద్దు. గంటలు మారితే అది మూల పడి ఉంటుంది, పైగా సీఎండీ పెంచుకోమంటుంది.

కింద కామెంట్లలో జిన్నింగ్ (పత్తి గింజ తీసే) మిల్లు వారొకరు ఇదే తమకు కుదురుతుందా అని అడిగారు. కుదరడం కష్టం. పత్తి మిల్లులో రాత్రి షిఫ్టు అంటే నిప్పు భయం, హమాలీల కొరత, సీజన్ కొన్ని నెలలే. మీకు చేతనైనది ఉదయం షిఫ్టును 8కి బదులు 10కి మొదలుపెట్టి సాయంత్రం 6కి ముగించడం. కరీంనగర్ గ్రానైట్ వాళ్లకు కోత బ్లేడ్లు రాత్రింబవళ్లు నడుస్తాయి కాబట్టి ఏమీ చేయకుండానే కలిసొస్తుంది. పాలిషింగ్‌ను మాత్రం పగటికి మార్చుకోవచ్చు. పీక్‌లో మెయింటెనెన్స్ పెట్టుకోవడం అన్ని మిల్లులకూ పనికొచ్చే అలవాటు.

ఇక మీ ఇంటి సంగతి. ఇక్కడ దయచేసి తొందరపడి అలవాట్లు మార్చుకోవద్దు. 2024 అక్టోబరు ఆర్డర్‌లో ఇళ్లకు ఉన్నది స్లాబ్ పద్ధతే. ఏ గంటలో వాడారన్నది కాదు, నెలలో ఎన్ని వాడారన్నదే లెక్క. మీ అమ్మగారు వాషింగ్ మెషిన్ రాత్రి 11 తర్వాత వేస్తున్నారని రాశారు. దానివల్ల ఒక్క పైసా తగ్గదు, ఆమె నిద్ర మాత్రం పోతుంది. ఇంట్లో చూడాల్సిన గీత 200 యూనిట్లు. 200 యూనిట్లు వాడితే మొదటి వందకు 3.40, రెండో వందకు 4.80 చొప్పున ఎనర్జీ చార్జీ 820 రూపాయలు. 201 వాడితే మొదటి 200కూ 5.10 పడి, ఆ ఒక్క యూనిట్‌కు 7.70 పడి 1,027 రూపాయల 70 పైసలు అవుతుంది. ఒక్క యూనిట్‌కు 207 రూపాయల పైన. గృహజ్యోతి కింద సున్నా బిల్లు వచ్చే ఇళ్లకు ఈ గీత ఇంకా పెద్దది. 2024 మార్చి నుంచి అర్హులకు 200 యూనిట్ల వరకు ఉచితం. అది దాటిన నెల మొత్తం బిల్లు కట్టాలి. కాబట్టి రీడింగ్ తేదీ దగ్గరపడుతున్నప్పుడు మీటర్ చూసుకోండి, గడియారం కాదు.

స్మార్ట్ మీటర్ గురించి మీకున్న టెన్షన్‌లో సగం అక్కర్లేదు. కొత్త మీటర్‌లో లోడ్ ఎక్కువ కనిపించిందని పాత నెలలకు జరిమానా వేయకూడదని 2023 సవరణలోనే ఉంది. లోడ్ పెంచాలన్నా ఆర్థిక సంవత్సరంలో కనీసం మూడుసార్లు దాటి ఉండాలి. మిగిలిన సగం మాత్రం న్యాయమైన ప్రశ్నే. ఇళ్లకు గంటల రేటు వస్తే ఎవరికి లాభం, ఎవరికి నష్టం? యూనిట్ సగటున 6 రూపాయలు అనుకుంటే, కేంద్ర నిబంధన ప్రకారం సోలార్ గంటల్లో 4.80, పీక్‌లో 6.60. ఒక హెచ్‌పీ నీళ్ల మోటర్‌ను రోజూ అరగంట పీక్ నుంచి మధ్యాహ్నానికి మారిస్తే నెలకు 11 యూనిట్లు, మిగిలేది ఇరవై రూపాయలు. ఎలక్ట్రిక్ స్కూటర్ పగలు ఇంట్లోనే ఉండేవాళ్లకు, గీజర్ ఎక్కువ వాడేవాళ్లకు ఇంకాస్త మిగులుతుంది. పొద్దంతా పనికి పోయి సాయంత్రం వచ్చి వండుకుని, పిల్లలను చదివించే ఇంటికి మాత్రం మార్చుకోవడానికి ఏమీ ఉండదు. వాళ్లకు ఇది రేటు పెంపే.

అందుకే ఇళ్ల విషయంలో ముందు తగ్గింపుతో మొదలుపెట్టే పద్ధతే సరైనదని నేను అనుకుంటున్నాను. మహారాష్ట్రలో 2025 జూలై నుంచి స్మార్ట్ మీటర్ ఉన్న ఇళ్లకు పగలు 9 నుంచి 5 వరకు వాడిన యూనిట్ల మీద తగ్గింపు ఇస్తున్నారు. కేరళలో నెలకు 250 యూనిట్లు దాటే ఇళ్లకు మాత్రమే గంటల లెక్క పెట్టారు, సాయంత్రం 6 నుంచి 10 వరకు 25 శాతం ఎక్కువ, పగలు 10 శాతం తక్కువ. తక్కువ వాడే ఇళ్లను వదిలేయడం అందులో మంచి సంగతి. ఇక్కడ ఇలాంటి ప్రతిపాదన వస్తే కమిషన్ బహిరంగ విచారణ పెట్టాలి, ఎవరైనా అభ్యంతరం రాసి పంపొచ్చు. మీలాంటి స్టోరేజీల వాళ్లు విచారణకు వస్తారు, ఇంటి బిల్లు కట్టేవాళ్లే రారు. వచ్చినప్పుడు స్టోరేజీ సంగతీ, ఇంటి సంగతీ రెండూ చెప్పండి.

మీ నాన్నగారి పొలం బోరు మోటర్‌కు కేంద్రం పెట్టిన ఈ గంటల రేటు నిబంధన వర్తించదు, వ్యవసాయాన్ని అందులోనే మినహాయించారు. లోడ్ సర్వే ప్రింటు చేతికొచ్చాక ఒక వారం పేజీలు, ఆ వారం ఛాంబర్ ఉష్ణోగ్రతలు, లోడింగ్ ఏ గంటల్లో జరిగిందో కలిపి ఇక్కడే పెట్టండి. సర్వీస్ నంబర్, పేరు మాత్రం కొట్టేసి పెట్టండి. సీఎండీని 120 నుంచి 110కి తగ్గించుకోవచ్చా అన్నది అవి చూశాకే చెప్పగలను. సీజన్ నెలల ఆర్‌ఎండీ చూడకుండా దానికి దరఖాస్తు పెట్టొద్దు.